వేరుపనస

బాపట్ల స్టేషన్లో దిగి రిక్షావాడితో పనసచెట్టు మాణిక్యమ్మగారిల్లు అంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ ఇసకనేలలో జీడిమామిడీ సరుగుడూ ఎక్కడబడితే అక్కడ పెరుగుతాయి గాని, పనసచెట్లు తక్కువ. మాణిక్యమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అమలాపురం వైపు ఏదో పెళ్ళికి వెళ్ళి, అక్కడ తిన్న తొనల గింజలు నాలుగు కొంగున ముడేసుకొచ్చి దొడ్లో పాతింది. నాలుగింట్లో ఒకటే మొలిచింది. అదీ వెనక వసారా గోడకు మరీ దగ్గరగా. పనసమొక్కను పెరికి వేరేచోట పెడితే బతకదని ఎవరో చెబితే, భర్త ఎంత వద్దన్నా దాన్ని అక్కడే ఉంచింది. బియ్యం కడిగిన నీళ్ళూ, చేపలు కడిగిన నీళ్ళూ, పేడనీళ్ళూ పోసి పెంచింది. తొలికాయ కాయడానికి ఎనిమిదేళ్ళు పైనే పట్టింది. ఆ తరవాత ఏటేటా కాపు పెరుగుతూ, కొమ్మల్లోంచి మానుకు దిగింది. మానుమీద కూడా కిందికి కిందికి దిగుతూ వచ్చింది.

హైమావతిది తెనాలి. మాణిక్యమ్మ ఒక్కగానొక్క కొడుకు ప్రకాశరావును చేసుకుని ఈ ఇంటికి వచ్చేదాకా ఆమెకు పనసపండు అంటే బజారులో ఆకులో పెట్టి అమ్మే తొనలే. పండును కోయడం ఎలాంటి పనో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. చేతులకు నూనె రాసుకోవాలి, కత్తికి నూనె రాయాలి, అయినా ఆ తెల్లటి పాలు వేళ్ళ సందుల్లో బంకలా సాగేవి. జుట్టుకు తగిలితే కత్తిరించుకోవడమే. పెద్దపిల్ల కడుపున ఉన్నప్పుడు ఒకరోజు పండు చీలుస్తూ ఆ వాసనకు అక్కడే వాంతి చేసుకుంది. అప్పట్నించీ వైశాఖం వస్తోందంటేనే ఆమెకు గొంతులో ఏదో అడ్డంపడ్డట్టుండేది. అత్తగారు ఆ సంగతి చుట్టాలకు నవ్వుతూ చెప్పేది. తెనాలి వాళ్ళకు నోరు సున్నితం అనేది. పని మాత్రం మాన్పించలేదు.

వెనక వసారాను రెండు గదులుగా మార్చి అద్దెకిచ్చారు. అందులో లాల్ అహమ్మద్ అనే దర్జీ, అతని భార్య మున్నీసా ఉండేవారు. అతను ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్ళ రవికలన్నీ కుట్టేవాడు. నెమ్మదస్తుడు. కొలతలు కూడా మున్నీసా చేతనే తీయించేవాడు. వాళ్ళు వచ్చి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ పనసచెట్టుకు నీళ్ళు పోసిందీ, పాదు తవ్విందీ, రాలిన ఆకు ఊడ్చిందీ మున్నీసాయే. చెట్టు ఆమె వంటగది గోడకు ఆనుకునే ఉండేది. అందుకు మాణిక్యమ్మ కోసిన ప్రతి పండులోనూ ఆమెకు ఒక వాటా పంపేది. గింజలైతే బుట్టెడు ఇచ్చేది. వాటిని మున్నీసా వంకాయల్లో వేసి వండితే, ఆ కూర గిన్నె దొడ్లోంచి మళ్ళీ ఈ ఇంటికే వచ్చేది. దగ్గరితనం ఉన్నట్టే కనిపించేది.

అరవై రెండులో బక్రీదు మంచి ఎండాకాలంలో వచ్చింది. లాల్ అహమ్మద్‌కు మేకను కొనే స్థోమత లేదు. పండగనాడు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తలా కాస్త మాంసం పంపితే వండుకున్నారు. ఆ పండగ అయిన రెండు వారాలకు దొడ్లో వాసన మొదలైంది.

ముందు దాన్ని పట్టించుకున్నది మున్నీసాయే. పొయ్యి దగ్గర కూచుంటే ఏదో చచ్చిన వాసన వస్తోందక్కా అని హైమావతితో చెప్పింది. ఇద్దరూ కలిసి కట్టెలు తీసి చూశారు, పెంకుల సందుల్లో చూశారు, ఎలుకా లేదు, ఏమీ లేదు. పండ్ల కాలం కాబట్టి దొడ్లో పనసవాసన ఎలాగూ ఉండేది. దాని కిందుగా ఈ రెండోవాసన పాకుతున్నట్టు వచ్చేది. రోజురోజుకీ అది పనసవాసనను తినేసింది. మురిగిన కల్లుకుండలో మాంసం వేసి మూత పెట్టినట్టుండేది. పచ్చఈగలు లేచాయి. అన్నం వడ్డించుకుంటే మెతుకు మెతుకుమీదా వాలేవి. పొద్దున ఉతికి ఆరేసిన చీర సాయంత్రం తీస్తే దానికీ ఆ కంపే. హైమావతి రెండు పూటలు తిండి మానేసి మజ్జిగ తాగి ఊరుకుంది.

ఎదురింటి దుర్గాంబ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, దొడ్డంతా కలయతిరిగి, ఆ మాట ముందు అన్నది. పండగకు తెచ్చుకున్నదాంట్లో పనికిరానిది పాతిపెట్టి ఉంటారంది. అదీ మేకది అయ్యుండదు, మేకది ఇంత కంపు కొట్టదు, గొడ్డు పేగులై ఉంటాయంది. ఆదివారం ఆదివారం దుర్గాంబ ఇంట్లోనూ మాణిక్యమ్మ ఇంట్లోనూ మేకమాంసం ఉడికేది. కడిగిన నీళ్ళు ఆ చెట్టు పాదులోనే పోసేవారు. ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. గొడ్డు అన్న మాటతో మాణిక్యమ్మ ముఖం మారిపోయింది.

లాల్ అహమ్మద్‌ను పిలిచి అడిగారు. అలాంటిదేమీ లేదండి, మా ఇంట్లోకి అలాంటిది రాలేదండి అని అతను ఒకే మాట అన్నాడు. కావాలంటే తవ్వి చూసుకోమన్నాడు. తనే పార తీసుకుని చెత్తకుప్ప మొత్తం తిరగేశాడు, కాలవ తోడాడు, పాదు చుట్టూ తవ్వాడు. ఏమీ బయటపడలేదు. దొరకకపోవడమే అనుమానానికి బలమైంది. ఇంట్లో దాచి ఉంటారని దుర్గాంబ అంది. ఎండబెట్టుకుని తినేవాళ్ళుంటారట అని ఇంకెవరో అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ప్రకాశరావు కొట్టు నుంచి భోజనానికి వచ్చాడు. అతనికి పురుగుమందులూ ఎరువులూ అమ్మే కొట్టు ఉండేది. ఇంటికొచ్చేసరికి తల్లి విస్తరి దగ్గర కూచోకుండా ముందు వసారా మెట్టుమీద కూచుని ఉంది. ఈ కంపులో నేను తినను, నువ్వయినా వెళ్ళి చూడు అంది. ప్రకాశరావు చెడ్డవాడని ఎవరూ అనరు. తల్లి మాట కాదనడం మాత్రం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. కాలవలో అడ్డుపడ్డ చెత్త తోయడానికి గోడవార ఒక వెదురుకర్ర ఉండేది. దాన్ని పట్టుకుని అద్దెగదుల్లోకి వెళ్ళాడు. వెనక హైమావతి వెళ్ళి వంటగది గుమ్మంలో ఆగింది. దుర్గాంబా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ గుమ్మం బయట నిలబడ్డారు.

లాల్ అహమ్మద్ మిషను ఆపి లేచి నిలబడ్డాడు. ప్రకాశరావు అతనివైపు చూడకుండా లోపలికి నడిచాడు. ట్రంకుపెట్టె తెరిపించాడు. బియ్యం డబ్బాలోకి తొంగిచూశాడు. పరుపుచుట్ట కర్రతో విప్పాడు. పొయ్యిమీద గిన్నె ఉంది, అప్పుడే దింపబోతున్నట్టు మున్నీసా చేతిలో గుడ్డ ఉంది. అతను కర్రకొనతో మూత తోసేశాడు. మూత నేలమీద పడి దొర్లింది. తరవాత ఆ కర్రనే కూరలోకి దించి అడుగునుంచి కలిపాడు. వంకాయముక్కలూ, మాణిక్యమ్మ పంపిన పనసగింజలూ పైకి తేలి మళ్ళీ మునిగాయి. కర్రకు అంటిన కాలవ నల్లమడ్డి కూరలో చారలుగా కలిసిపోయింది.

"ఏమీ లేదమ్మా" అని అతను బయటికి కేకేశాడు.

హైమావతికి కడుపులో దేవింది. ఇన్నాళ్ళ కంపుకి దేవినట్టు కాదు. పండు కోసేటప్పుడు వచ్చే వికారమూ కాదు. భర్త చేతిలోని కర్రనూ, దాన్ని పట్టుకున్న అతని వేళ్ళనూ చూసింది. ఆ వేళ్ళు ఎంతో మామూలుగా ఉన్నాయి. నోరు తెరిచి ఏదో అనాలనుకుంది. ఏమనాలో తెలిసేలోపే అతను బయటికి వచ్చేశాడు.

మున్నీసా గిన్నె తీసుకెళ్ళి కాలవలో బోర్లించింది. బూడిద తెచ్చి తోమింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. లాల్ అహమ్మద్ సగం కుట్టిన రవికలన్నీ మడిచి, ఎవరివి వాళ్ళకిచ్చి రావడానికి వీధిలోకి వెళ్ళాడు. ఎవరూ పొమ్మనాల్సిన అవసరం లేకపోయింది. మర్నాడు పొద్దున్నే రిక్షాలో మిషను ఎక్కించుకుని ఇద్దరూ స్టేషనుకు వెళ్ళిపోయారు. రేపల్లెలో మున్నీసా అన్న నజీరుద్దీన్‌కు సైకిలు షాపు ఉందని, అక్కడికే పోయి ఉంటారని తరవాత తెలిసింది. పీడ వదిలిందని మాణిక్యమ్మ గదులు రెండూ పేడతో అలికించింది. సాంబ్రాణి వేయించింది.

కంపు తగ్గలేదు. తొలకరి జల్లు పడ్డాక ఇంకా పెరిగింది. ఇప్పుడు అది నడవాలోకి, దేవుడిగూటి దాకా వచ్చేది. వాళ్ళు పోతూ పోతూ ఏదో చేసి పోయారని దుర్గాంబ అంది. ఆ మాటకు ఇంట్లో వాళ్ళు తలలూపారు.

ఒకరోజు హైమావతి ఖాళీగదులు ఊడుద్దామని వెళ్ళింది. మున్నీసా పొయ్యి ఉన్నచోట అలికిన నేల ఉబ్బి ఉంది. ఉబ్బిన చోట నెర్రె విచ్చి ఉంది. నెర్రెలోంచి పసుపుపచ్చటి నీరు ఊరుతోంది, దానిమీద చీమలూ ఈగలూ దట్టంగా మూగి, నెర్రె తనంతట తను కదులుతున్నట్టు కనిపించింది. ముక్కు మూసుకుని బయటికి వచ్చి భర్తను పిలిచింది. ప్రకాశరావు గడ్డపార తెచ్చి నేల పెకలించాడు.

జానెడు లోతులో కాయ ఉంది. మనిషి తలకాయకు రెండింతలు ఉంటుంది. చెట్టువేరు ఒకటి గోడ కిందనుంచి వచ్చి, దాని తొడిమ దగ్గర ఆగింది. కాయ పండి, మురిగి, మధ్యకు చీలి ఉంది. గడ్డపార తగలగానే లోపలిదంతా ఒక్కసారి బుస్సుమని పైకి లేచింది. తొనలు నల్లబడి బంకలా కరిగాయి. వాటినిండా తెల్లపురుగులు, బియ్యం పొంగినట్టు పొంగుతున్నాయి. కొన్ని గింజలకు ఆ మురుగులోనే పాలిపోయిన మొలకలు వచ్చాయి. ప్రకాశరావు గడ్డపార వదిలేసి వెనక్కి వచ్చి గోడకు ఆనుకున్నాడు. హైమావతి దొడ్లోకి పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

మాణిక్యమ్మ వచ్చి చూసింది. గుంటమీదికి వంగింది. అత్తగారు ఏమంటుందోనని హైమావతి నోరు తుడుచుకుంటూ ఎదురుచూసింది. తప్పు జరిగిందంటుందనుకుంది. కనీసం అయ్యో అంటుందనుకుంది.

"వేరుపనస" అంది మాణిక్యమ్మ. ఆవిడ ముఖం విప్పారింది. "మా అమ్మమ్మ చెప్పేది. ఎంతో అచ్చొచ్చిన చెట్టుకుగాని వేరుకు కాయదట."

మురుగు ఎత్తించి, గుంటను పసుపునీళ్ళతో కడిగించింది. సాయంత్రానికి వీధివీధంతా వచ్చి చూసిపోయింది. దుర్గాంబ గుంట అంచున కుంకుమబొట్టు పెట్టి, చేతులు కళ్ళకద్దుకుంది. ఆ చేతులవైపు చూడలేక హైమావతి లోపలికి వెళ్ళిపోయింది.

రేపల్లె వెళ్ళి వాళ్ళకు ఈ సంగతి చెప్పి రమ్మని ఆమె భర్తను అడిగింది. ఇప్పుడు వెళ్ళి ఏమని చెబుతాం అన్నాడు. రెండోసారి అడిగితే, పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, ఎప్పటికైనా పోయే అద్దెవాళ్ళేగా అన్నాడు. అది అతని మాట కాదు, తల్లి మాట. మూడోసారి అడగకుండా, నేనే వెళ్తానని చెప్పింది. ఆశ్చర్యంగా మాణిక్యమ్మ అడ్డుచెప్పలేదు. పెద్దకాయ ఒకటి దింపించి గోనెసంచిలో పెట్టించి, ఇది మున్నీసాకు ఇవ్వు, చాలు, ఇంకేమీ తవ్వుకోనక్కర్లేదు అంది.

హైమావతి ఆ సంచితో తెనాలి వెళ్ళి పుట్టింట్లో ఒకరోజు ఆగింది. సంగతంతా విని, ఆమె తల్లి రాఘవమ్మ సంచీ మూతి మళ్ళీ కట్టేసింది.

"పండు తీసుకెళ్ళకమ్మా. పండు చేతిలో పెడితే మాట చెప్పకుండానే తిరిగొచ్చేస్తావు."

రేపల్లె బండిలో ఖాళీ చేతులతో ఎక్కింది. సైకిలు షాపు కనుక్కోవడం కష్టం కాలేదు. నజీరుద్దీన్ ఎవరు కావాలని అడిగి, బాపట్ల అనగానే చేతిలో ట్యూబు కింద పెట్టి, వెనకవైపు దారి చూపించాడు. వెనక రేకులషెడ్డులో లాల్ అహమ్మద్ మిషను ఉంది గాని అతను లేడు. మున్నీసా ఉంది. హైమావతిని చూసి లేచి, పీట వేసింది.

హైమావతి కూచోకుండా చెప్పింది. నేల ఉబ్బడం దగ్గర్నించి చెప్పింది. వేరుకు కాయ కాసిందని, అదే మురిగిందని, మీ తప్పేమీ లేదని అందరూ కళ్ళారా చూశారని చెప్పింది.

"ఎవరు తవ్వారు?" అంది మున్నీసా.

"ఆయనే."

మున్నీసా తలూపింది.

"కాయ దొరికింది సరే అక్కా. మా గిన్నెలో పెట్టిన కర్ర సంగతేంటి? కాయ దొరక్కపోతే ఆ కర్ర న్యాయమైపోయేదా? గొడ్డుదే దొరికుంటే న్యాయమైపోయేదా?"

హైమావతి పీటమీద కూచుంది.

"మా ఆయన తిరిగి అన్నం ముందు కూచోవడానికి వారం పట్టింది" అంది మున్నీసా నెమ్మదిగా. "తిందామంటే ఆ మడ్డి కనిపిస్తోందనేవాడు. మీరూ గుమ్మంలోనే ఉన్నారు గదా. నేను మీవంకే చూశానక్కా."

అది నిజం. హైమావతికి ఆ చూపు గుర్తుంది. తప్పేనని ఆమె ఒప్పుకుంది. ఇంకేమీ కలపలేదు. మున్నీసా టీ పెట్టి ఇచ్చింది. తాగింది. మళ్ళీ రమ్మని మున్నీసా అనలేదు, వస్తానని ఈమె అనలేదు. తిరుగుబండిలో బురదచేల మీదినుంచి చల్లగాలి వచ్చింది. ఆ గాలిలో కూడా ఆమెకు దొడ్డివాసనే తగిలింది.

ఇంటికి వచ్చాక భర్తకు వడ్డించేది. అతని ఎంగిలి కంచం తీసేది. కాని అతను చేత్తో ఏదైనా అందిస్తే తీసుకునేది కాదు, అక్కడ పెట్టమనేది. ముందు అతను గమనించలేదు. గమనించాక అడగలేదు. ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, కొట్టు బాగా నడుస్తోంది, వాళ్ళు బాగానే ఉన్నట్టు లోకానికి కనిపించింది.

వేరుపనస కథను మాత్రం మాణిక్యమ్మ ఏటేటా పెంచుతూ వచ్చింది. రానురాను ఆ కాయ మురగనే లేదు. నేల చీల్చుకుని తనే పైకి వచ్చింది. వాసన సంపెంగపూల వాసన. తొనలు వీధంతటికీ పంచారు. ఆ కథలో లాల్ అహమ్మద్ లేడు, మున్నీసా లేదు, అద్దెగదులే లేవు. దుర్గాంబ పక్కన కూచుని, ఆ తొన తను తిన్నానని, అంత తీపి ఇంకెక్కడా తినలేదని సాక్ష్యం చెప్పేది. అది వింటుంటే హైమావతికి పురుగులు పొంగడం కళ్ళముందు ఆడేది. ఆ నోటితో ఈ మాట ఎలా అంటోందా అని దుర్గాంబ పెదాలవైపే చూసేది.

డెబ్బై ఒకటి ఫాల్గుణంలో హైమావతి పెద్దకూతురికి ఓణీల వేడుక చేశారు. కారంచేడు నుంచి మాణిక్యమ్మ పుట్టింటి చుట్టాలు బండెడుమంది దిగారు. లేతకాయలు కొట్టి ఆవపెట్టి పనసపొట్టు కూర చేయించారు. అద్దెగదులు ఎప్పుడో పడగొట్టి దొడ్లో కలిపేశారు, ఆ జాగాలోనే చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. కూరగిన్నె పట్టుకుని హైమావతే వడ్డిస్తోంది. కారంచేడు పెద్దాయన ఒకరు కూర మెచ్చుకుంటే, మాణిక్యమ్మ ఆ సందు చూసుకుని కథ ఎత్తుకుంది. ఇదిగో, సరిగ్గా ఇక్కడే, అంటూ నేల చూపించింది. సంపెంగవాసన దాకా వచ్చింది.

"అది కుళ్ళిపోయింది అత్తయ్యా" అంది హైమావతి.

గొంతు పెంచలేదు. గిన్నె చేతిలోనే ఉంది. అక్కడ రెండు గదులుండేవని, ఒక దర్జీ కుటుంబం ఉండేదని చెప్పింది. కాయ మురిగిన కంపుకు వాళ్ళు గొడ్డు పేగులు పాతారన్నామని చెప్పింది. కాలవకర్ర తీసుకెళ్ళి వాళ్ళ కూర కలిపామని, వాళ్ళు మర్నాడు ఊరు వదిలిపోయాక ఆ కాయ దొరికిందని, దాన్నిండా పురుగులున్నాయని చెప్పింది. ఎవరు కలిపారో చెప్పలేదు. కలిపాం అనే అంది.

పంక్తిలో కాసేపు చేతులు ఆగాయి. మాణిక్యమ్మ నేల చూపించిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కారంచేడు పెద్దాయన గొంతు సవరించుకుని, భోజనాల దగ్గర ఇవన్నీ ఎందుకులేమ్మా అన్నాడు. దుర్గాంబ విస్తరి కాస్త ముందుకు జరిపి, కూర ఇంకొంచెం వెయ్యమంది. పక్కనవాళ్ళు అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

హైమావతి గిన్నె నేలమీద పెట్టేసి నూతివైపు నడిచింది. ఆవపిండీ పనసజిగురూ అంటిన చేతులు రాయికి రుద్దింది. వెనక అడుగుల చప్పుడైంది. ప్రకాశరావు వచ్చి, చేద వేసి నీళ్ళు తోడి, ఆమె చేతులమీద పోశాడు. ఆమె వద్దనలేదు.

"రేపు రేపల్లె వెళ్తాను" అన్నాడు.

"నాతో చెప్పకండి. వెళ్ళండి."

వెళ్ళాడు. మర్నాడు చీకటి పడకముందే తిరిగి వచ్చి, అరుగుమీద కూచుని జరిగింది చెప్పాడు. లాల్ అహమ్మద్ మిషను మీదినుంచి లేవలేదట. ఇతను నిలబడే చెప్పాడట. కర్ర పెట్టింది నేను, ఎవరూ చేయి పట్టుకుని పెట్టించలేదు అన్నాడట. లాల్ అహమ్మద్ అంతా విని, సరేనండి, బండి టైమవుతుందేమో చూసుకోండి అని, మళ్ళీ మిషను తొక్కుకున్నాడట. మున్నీసా బయటికి రాలేదు. టీ ఇవ్వలేదు. అంతే జరిగిందన్నాడు ప్రకాశరావు.

తనను క్షమించారని అతను కలపలేదు. తను బాధపడ్డానని కూడా కలపలేదు. హైమావతి విని లేచి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళచెంబు తెచ్చి అతని చేతికే ఇచ్చింది. అన్నేళ్ళ అసహ్యం ఆ ఒక్కపూటతో పోలేదు. వేళ్ళు తగిలినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోకుండా ఉండడానికి ఆమె ప్రయాసపడవలసి వచ్చింది. కాని లాక్కోలేదు.